బర్రె అడుగు పడని చోటు

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు 12 భాగాల దాకా సాగడానికి కారణం కథలు చెప్పే మణిసిద్ధుడు కాదు, ఆయన వెంట నడిచే గొల్ల కుర్రాడు. కాశీకి తోడు రమ్మంటే వాడు పెట్టిన షరతు ఒక్కటే: దారి పొడుగునా కథలు చెప్పాలి. మజిలీ చేరగానే వాడు ఊరు చూడడానికి పోతాడు. ఏదో ఒక వింత చూసి వస్తాడు. అదేమిటో చెబితే తప్ప ఊరుకోడు. అప్పుడు సిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో సంగతి తెలుసుకుని కథ ఎత్తుకుంటాడు. చెప్పేది గురువే అయినా, ఏ కథ చెప్పాలో తేల్చేది వినేవాడు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట అచ్చు వేశారు. దాన్నీ, దాని వెనక వచ్చిన వందలాది ఆటలనూ కలిపి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటున్నారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ఆట నడుపుతారు, ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ‘‘మీ ముందు పాడుబడ్డ గడి ఉంది, తలుపు సగం తెరిచి ఉంది, ఏం చేస్తారు?’’ అని గేమ్ మాస్టర్ అడుగుతాడు. వాళ్లు ఏం చేస్తారో నోటితో చెబుతారు. అయ్యేదీ కానిదీ తెలియని చోట పాచిక వేస్తారు. గొల్ల కుర్రాడు ఇక్కడ నలుగురయ్యాడు, వాళ్లు వింత గురించి అడగడమే కాకుండా అందులోకి దూరిపోతారు కూడా. తేడా అంతే.

ఈ ఆటకు గేమ్ మాస్టర్ ముందుగా చేసుకునే తయారీని అడ్వెంచర్ అంటారు, మన మాటల్లో సాహసం. స్థలాలు, భూతాలు, ఉచ్చులు అన్నీ అందులో ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీన్ని కథ రాయడం అనుకుని చెడగొడతారు. ఫలానా చోట వీరులు ఓడిపోతారు, ఫలానా చోట ముసలాయన రహస్యం చెబుతాడు అని ముందే రాసి పెట్టుకుంటారు. ఆటగాళ్లు మొదటి అరగంటలోనే ఆ ముసలాయనను కట్టేసి సంచి వెతుకుతారు, కథ అక్కడితో సరి. సాహసం రాసేవాడు రాయాల్సింది కథ కాదు, చోటు. ఏమేం ఉన్నాయి, ఎవరెవరు ఉన్నారు, వాళ్లకు ఏం కావాలి, ఎవరూ కదిలించకపోతే రేపటికి ఏమవుతుంది అన్నంతవరకు తన పని. తర్వాతిది ఆటగాళ్లది.

చోటు కోసం యూరపు కోటల బొమ్మలు వెతుక్కునే మన కుర్రకారును చూస్తే నాకు కొంచెం చిరాకు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఒకసారి బస్సులో పోయి రండి. దారిలో లింగంపేటలో నాగన్న బావి ఉంది, అంతస్తు కింద అంతస్తుగా భూమిలోకి దిగే రాతి మెట్ల బావి. కామారెడ్డికి ఇవతల దోమకొండలో కందకం, బురుజులు, లోపల గుడి ఉన్న కోట ఉంది. బాగు చేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. పడమటికి పోతే జుక్కల్ వైపు కౌలాస్ కొండకోట. ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారి పడితే పోచారం చెరువు, దాని చుట్టూ చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే అభయారణ్యం. ఇక మంజీర మీద నిజాంసాగర్ సంగతి వేరే చెప్పాలి. 1923లో మొదలై 1931లో పూర్తయింది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ప్రాజెక్టు. ఎన్నో ఊళ్లకు నీళ్లిచ్చింది, కొన్ని ఊళ్లను తన కిందకు తీసుకుంది.

వీటిలో ఆటకు ఏది బాగా పనికొస్తుంది? చూడగానే మెట్ల బావి అనిపిస్తుంది. చీకటి, లోతు, నీళ్లు, కావలసినవన్నీ ఉన్నాయి. కానీ దిగిన దారినే ఎక్కాలి. ఒక గది తర్వాత ఒక గది వరుసగా వచ్చే చోటులో ఆటగాడికి ముందుకు పోవడమా, వెనక్కి రావడమా అన్న ప్రశ్న తప్ప మరొకటి ఉండదు. దోమకొండ కోట లాంటి గడి అలా కాదు. పెద్ద దర్వాజ ఉంటుంది, వెనక దిడ్డి దర్వాజ ఉంటుంది, పనివాళ్లు వచ్చే దారి ఒకటి, గోడ కూలిన చోటు ఒకటి, కందకంలోకి నీళ్లు వదిలే తూము ఒకటి. 1979లో ‘కావెర్న్స్ ఆఫ్ థ్రేషియా’ అనే సాహసం గీసిన జెన్నెల్ జాక్వేస్ ఇలాంటి చుట్టుదారుల పటాలకు పేరు పడ్డారు. ఒకదాన్నుంచి మరొకదానికి రెండు మూడు దారులు, పైనుంచి కిందికి నాలుగు దారులు. ఆమె గీత పద్ధతిని ఇప్పటికీ ఆ ఆటలవాళ్లు పాఠంలా చదువుతారు. మన గడులు కట్టినవాళ్లకు ఈ పాఠం ముందే వచ్చు. దిడ్డి దర్వాజ లేని కోటను ఆటలో రాయకండి. మెట్ల బావినే వాడాలని మనసు పడితే, అడుగున గోడలో ఒక బిలం పెట్టి దాన్ని ఊరవతల ఇంకో బావిలోకి తేల్చండి.

తలుపు అంటే రాతిదో కర్రదో కానక్కర్లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు కోటకు దిడ్డి దర్వాజ ఒక మనిషి: పూలు అందించే తంబళ్ల పెద్ది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు కోట గోడలు ఎక్కడు, కత్తి దూయడు. రోజూ లోపలికి పోయి వచ్చే ఆమె ఇంట్లో మనవడిగా చేరతాడు. సాహసం రాసేటప్పుడు ప్రతి కోటకూ ఇలాంటివాళ్లను ఇద్దరిని రాసుకుంటే చాలు, ఆట పది రకాలుగా మలుపు తిరుగుతుంది. చాకలి, పాలు పోసేవాడు, బాకీ వసూలుకు వచ్చే షావుకారు, ఎవరైనా సరే.

భూతాల విషయంలోనూ బాలనాగమ్మే మంచి గురువు. ఫకీరును ఎవరూ ఏమీ చేయలేరు. మనుషులను రాళ్లు చేస్తాడు, బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వాడి బలం ఎంతని అడిగితే లెక్క లేదు. కానీ వాడికి ఒక కట్టడి ఉంది: ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఆ సంగతి బయటికి వచ్చేదీ వాడి నోటి నుంచే, బాలనాగమ్మ ఉపాయంగా అడిగితేనే. ఇందులో భూతం తయారీ మొత్తం ఉంది. ఎదురుగా నిలబడి గెలవలేనంత బలం, దాన్ని కూల్చే ఒకే ఒక్క చిన్న చట్టం, ఆ చట్టం తెలుసుకోవడానికి ఒక దారి, తెలిసినా చేరడానికి చాలా దూరం. 1942లో జెమినీవాళ్లు తీసిన సినిమా చూసినవాళ్లకు గోవిందరాజుల సుబ్బారావు ఫకీరు గుర్తుంటాడు. బుర్రకథలో విన్నవాళ్లకు చిలుకే ఎక్కువ గుర్తు. రెండో రకం వాళ్లే సాహసాలు బాగా రాస్తారని నా అనుమానం.

కొత్తవాళ్లు భూతానికి కోరలు, కొమ్ములు, దెబ్బకు ఎంత నష్టం అన్నవి రాసి ఆగిపోతారు. 1977లో అచ్చయిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ భూతాల పుస్తకంలో మన రాక్షసుడూ ఉన్నాడు. పులి తల, ఒంటి మీద దొరల కోటు, చేతిలో చుట్టగొట్టం! చూస్తే నవ్వొస్తుంది. అయినా వాళ్లు ఒక పని సరిగా చేశారు. వాడికి చట్టం పెట్టారు: మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. ఆ చట్టం మనది కాదు, అది వేరే గొడవ. కానీ చట్టం లేకపోతే పులి తల వట్టి ముసుగు.

మన కథల్లో చట్టాలకు కొదవ లేదు. బ్రహ్మరాక్షసుడిని తీసుకోండి. చదువు ఉండి దాన్ని చెడ్డగా వాడినవాడు అలా పుడతాడంటారు. కత్తి వాడి మీద పని చేయదు, వాడికి విముక్తి కావాలి. అంటే వాడితో పోరాటం ఒక బేరం. ఇలాంటి భూతం బల్ల మీదకు వచ్చిన రాత్రి, పాచికలు పక్కన పడి మాటలు నడుస్తాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ ప్రాంతం మీద సాహసం రాస్తూ బాణామతి చేసే ముసలమ్మను భూతంగా పెట్టకండి. చేతబడి అనుమానంతో మన పల్లెల్లో నిజంగా మనుషులను కొట్టారు, పళ్లు పీకారు, తగలబెట్టారు. అది కల్పన కాదు. పెట్టాలనిపిస్తే, ఆమె మీద నింద వేసింది ఎవరు, ఆమె పొలం ఎవరి పొలం పక్కన ఉంది అన్నది ఆటగాళ్లు తేల్చాల్సిన చిక్కుగా పెట్టండి. పోచమ్మ, ముత్యాలమ్మ కూడా భూతాల పట్టికలోకి రాకూడదు. వాళ్లు ఊరి సరిహద్దు కాచేవాళ్లు, ఆటలోనూ అదే పని ఇవ్వండి.

ఇప్పుడు ఉచ్చులు. గైగాక్స్ 1975లో ఒక సభలో పోటీగా ఆడించి, 1978లో అచ్చు వేయించిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ సాహసంలో, నడవ చివర గోడ మీద పచ్చటి దెయ్యం మొహం ఉంటుంది. నోరు తెరుచుకుని చీకటిగా, మనిషి పట్టేంత. దారి అనుకుని అందులోకి దూరినవాడు మాయం. పాచిక లేదు, రెండో అవకాశం లేదు. ఆ ఆటలో ఇంత చెడ్డ పేరున్న ఉచ్చు మరొకటి లేదు. అయితే ఆ నడవ నేల మీద ఒక పొడుపు రాసి ఉంటుందనీ, చదివినవాడికి దారి కొంత తెలుస్తుందనీ తిట్టేవాళ్లు చెప్పరు. ఉచ్చు ఎంత క్రూరంగా అయినా ఉండవచ్చు, ఆనవాలు మాత్రం ఉండి తీరాలి. ఆనవాలు లేకుండా చంపేది ఉచ్చు కాదు, మోసం. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచేది ఈ ఒక్క మాటే. మిగతా పద్ధతులన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

నిజాంసాగర్ నేలనే తీసుకుని ఒక ఉచ్చు పెట్టి చూద్దాం. ఎండాకాలం, నీళ్లు వెనక్కి పోయాయి. మునిగిపోయిన ఊరి గుడి శిఖరం బయటపడింది. దాని దాకా ఎండి పగుళ్లు తీసిన నేల. పైన పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద నడుము లోతు ఊబి. ఇది మనం పెట్టిన ఉచ్చు కాదు, చెరువు తానే పెట్టుకున్నది. ఆనవాలు ఏమిటి? నేల మీద కొంగల కాళ్ల గుర్తులు గజిబిజిగా ఉన్నాయి, బర్రెల డెక్కల గుర్తులు ఒక గీత దాకా వచ్చి ఆగిపోయాయి. గేమ్ మాస్టర్ ఈ రెండూ ముందే, ఎవరూ అడగకుండానే, మాటల మధ్యలో చెప్పేయాలి. తర్వాత ఆట ఇలా నడుస్తుంది.

‘‘అన్నా, గుడి దిక్కు బర్ల అడుగులున్నయా?’’

‘‘లెవ్వు తమ్మీ. కొంగలయే ఉన్నయ్.’’

‘‘అయితే నేను పోను. కట్టె తెచ్చి గుచ్చి సూస్త.’’

ఇక్కడ పాచిక అక్కర్లేదు. వాడు ఆలోచించాడు, గెలిచాడు. అడగకుండా పరుగెత్తినవాడు ఊబిలో దిగితే, వాడికీ కోపం రాదు, ‘‘అరే, బర్రెల మాట చెప్పిండు గద’’ అనుకుంటాడు. ఓడినవాడు అలా అనుకుంటే ఆ ఉచ్చు ధర్మమైనది.

మనుషులు పెట్టిన ఉచ్చుకు మరో ప్రశ్న జోడించాలి: దీన్ని పెట్టినవాడు రోజూ ఎలా దాటుతున్నాడు? తన ఇంటి గుమ్మంలోనే కత్తులు మొలిచే గుంత తవ్వుకున్న దొర పొద్దున లేచి ఎటు నుంచి బయటికి పోతాడు? అతనికి తెలిసిన మెట్టు ఒకటి ఉండాలి, దాని అంచు అరిగి ఉండాలి. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టి, చీకట్లో తానే దానికి తగిలి చచ్చిపోయిన రైతుల వార్తలు మన పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ఉచ్చుకు యజమాని ఎవరో గుర్తుండదు. దీన్ని ఆటలో వాడుకోవచ్చు, వెంటబడిన భూతాన్ని దాని ఉచ్చులోకే నడిపించే ఆటగాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మునిగిన ఊరిని ఇంకొంచెం పూర్తి చేద్దాం. ఇది కల్పన, ఏ ఊరి చరిత్రా కాదు. ఊరి కచేరిలో ఒక పట్వారీ ఉండేవాడు. ఊరు మునిగేనాడు నష్టపరిహారం పట్టీలో ఏడు ఇళ్ల పేర్లు తప్పించి, ఆ సొమ్ము తిన్నాడు. ఇప్పుడు బ్రహ్మరాక్షసుడై దఫ్తరం మీద కూర్చున్నాడు. చట్టం: తప్పించిన ఆ ఏడు పేర్లు ఎవరైనా తన ముందు గట్టిగా చదివితే కాదనలేడు, కూర్చున్న చోటు వదలాలి. ఆటగాళ్లలో ఒకరికి తాత భూమి కాగితం కావాలి, ఇంకొకరికి గుడిలో ఉందంటున్న బంగారం కావాలి. ఎగువన సింగూరు గేట్లు ఎత్తారన్న కబురు మధ్యాహ్నమే వచ్చింది, పొద్దుగూకేసరికి నీళ్లు పైకి వస్తాయి. దారులు నాలుగు. పోరాడవచ్చు, ఓడిపోతారు. పేర్లు చదవవచ్చు. దఫ్తరాన్ని తగలబెట్టవచ్చు, రాక్షసుడు పోతాడు గాని ఆ ఏడు ఇళ్ల ఆనవాలు కూడా దాంతోనే పోతుంది. అతనితో బేరం పెట్టుకోవచ్చు. ఏది సరైనదో నేను రాయను. రాస్తే అది మళ్లీ కథ అయిపోతుంది.

ఆ పేర్ల సంగతి ఆటగాళ్లకు ఎలా తెలియాలి? ఇక్కడ కొంచెం లెక్క కావాలి. ఇరవై ముఖాల పాచిక వేసి, తన నేర్పుకు 5 కలుపుకుని, మొత్తం 15 కానీ అంతకు మించి కానీ రావాలన్నది మామూలు పద్ధతి. అంటే 10 నుంచి 20 వరకు ఏది పడినా గెలుపు, 20లో 11 సార్లు, 55 శాతం. రహస్యం మొత్తం ఒకే ఒక్క పాచిక వెనక దాచారంటే 45 శాతం రాత్రులు ఆట అక్కడే ఆగిపోతుంది. అదే రహస్యాన్ని మూడు వేర్వేరు చోట్ల పెడితే, మూడూ తప్పిపోయేది 9 శాతం మాత్రమే. ఎల్లారెడ్డి సంతలో, ఏటా ఒకనాడు ఏడు పేర్లు చెప్పి నీళ్లు వదిలే అవ్వ ఒకటి. కచేరి గోడ మీద బొగ్గుతో గీకిన రాత రెండోది. ఎవరైనా పొరపాటున వాటిలో ఒక పేరు పలికితే రాక్షసుడు చెవులు మూసుకోవడం మూడోది. తిరగేసి చూడండి: ఒక పని కావడానికి వరుసగా మూడు పాచికలు గెలవాలని పెడితే, 55 శాతం కాస్తా 17 దగ్గరికి పడిపోతుంది. గోడ ఎక్కడానికి ఒకటి, చప్పుడు కాకుండా దూకడానికి ఒకటి, కావలివాడు చూడకుండా ఒకటి అని అడిగే గేమ్ మాస్టర్‌కు తాను ఎంత క్రూరుడో తెలియదు.

రహస్యం పెట్టిన ఆ మూడు చోట్లలో మూడోది, అంటే గెలుపు వల్లనో ఎదురుపడడం వల్లనో రహస్యం దొరకడం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాతాళభైరవిలో తోటరాముడు కొలనులో మొసలిని చంపితే బంగారం దొరకదు. శాపం తీరిన మొసలి, మాంత్రికుడు నిన్నే బలివ్వబోతున్నాడని చెబుతుంది. ఆ ఒక్క మాటతో కథ తలకిందులవుతుంది. 1951 నాటి ఆ సినిమాలో భూతాన్ని గెలిచినందుకు ఇచ్చే బహుమతి సమాచారం. నేడు సాహసాలు రాసేవాళ్లలో సగం మంది సంచుల కొద్దీ వరహాలు ఇచ్చి ఆటగాళ్లను విసిగిస్తున్నారు.

ఇరవై ముఖాల పాచిక కామారెడ్డి దుకాణాల్లో దొరకకపోతే బాధపడకండి. అష్టాచెమ్మా చింతగింజలు చాలు. సగం చీల్చిన నాలుగు గింజలు వేస్తే, తెల్ల వైపు, నల్ల వైపు పడే అవకాశం సమానం అనుకుంటే, 16లో 6 సార్లు రెండు తెల్లవి పడతాయి. ఒకటి పడేది 4 సార్లు, మూడు పడేది 4 సార్లు. చెమ్మ ఒకసారి, అష్ట ఒకసారి. రెండూ కలిపితే ఎనిమిదింట ఒకటి. చెమ్మో అష్టో పడితే మళ్లీ వేసే హక్కు మన ఆటలో ఎప్పటి నుంచో ఉంది. దాన్నే ఇక్కడ గొప్ప గెలుపుగా పెట్టుకోండి. గింజలు సమానంగా పగలవు కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, దానికీ ఒక రుచి ఉంది.

ఈ విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికి చందమామ ఒక్కటి చాలు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి రాసిన సీరియళ్లలో అడవులు, శిథిలాలయాలు, మాంత్రికులు, వింత జంతువులు నిండి ఉంటాయి. చిత్రా గీసిన బొమ్మల్లో ఆ మృగాలు చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు తాతలు. ‘మాయాసరోవరం’లో జయశీలుడు కత్తి పట్టినవాడు, సిద్ధసాధకుడు మహాకాళి పేరెత్తి శూలం తిప్పేవాడు. ఒకడికి రానిది ఇంకొకడికి వచ్చు, ఒక్కడే అయితే కథ రెండో నెలలోనే ముగిసేది. అమెరికా ఆటలో యోధుడినీ మంత్రగాడినీ ఒకే జట్టులో కట్టడానికి కారణం కూడా ఇదే. ఈ సీరియళ్లు చందమామలో వచ్చిన చాలా ఏళ్లు రచయిత పేరు పాఠకులకు తెలియదు. ఆయన భూతాలను ఇంగ్లిషులో రాసి ఉంటే ఇప్పటికి వాటి పేరు మీద పాచికలు అమ్మేవారు.

ఒగ్గుకథ చెప్పేవాళ్లను చూసినా ఇదే నేర్పు కనబడుతుంది. ప్రధాన కథకుడి పక్కన వంతపాడేవాళ్లు ఊరికే తాళం వేయరు. మధ్యలో అడ్డు ప్రశ్న వేస్తారు, ఎగతాళి చేస్తారు, క్షణంలో పాత్రలుగా మారిపోతారు. కథకుడు ఆ అడ్డంకిని పట్టుకుని ఇంకో వైపు నుంచి కథలోకి వస్తాడు. బీరప్ప కథ రాత్రంతా చెప్పగలిగినవాడికి గేమ్ మాస్టర్ పని కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. నేర్చుకోవాల్సింది మనమే.

అందుకని కాలేజీ కుర్రాళ్లకూ, వేసవి సెలవుల్లో పిల్లలను ఎలా కూర్చోబెట్టాలా అని చూసే టీచర్లకూ ఒక మాట. మొదటి సాహసం చిన్నది రాయండి: ఒక చోటు, ఒక భూతం, దానికి ఒక చట్టం, ఆనవాలు ఉన్న రెండు ఉచ్చులు, మూడు చోట్ల దొరికే ఒక రహస్యం. రెండు మూడు గంటల్లో అయిపోవాలి. రాసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, బాలనాగమ్మ కథ వాళ్లు ఎలా విన్నారో అడగండి. ఫకీరు ప్రాణం దాకా పోవడానికి వాళ్ల ఊళ్లో ఏ దారి చెప్పేవారో రాసిపెట్టుకోండి. అచ్చులో ఉన్నది ఒకటి రెండు దారులే.